మూత బిగువు కొలిచే డిజిటల్ టార్క్ టెస్టర్: ఎనిమిది నెలలు వాడిన తర్వాత

మా చిన్న యూనిట్‌లో నన్నారి షర్బత్ తయారుచేసి, 28 మిల్లీమీటర్ల మూతలున్న పెట్ (పలుచని ప్లాస్టిక్) సీసాల్లో నింపి, రాయలసీమ జిల్లాల దుకాణాలకు పంపుతాం. పోయిన వేసవిలో కొన్ని పెట్టెలు అడుగున పాకం కారి, చీమలు పట్టి తిరిగి వచ్చాయి. సీసాల్లో ఒక్క పగులూ లేదు; మూతలు కూడా చూడటానికి సరిగానే ఉన్నాయి. అప్పటిదాకా మూత బిగిసిందో లేదో చేత్తో తిప్పి చూసి చెప్పేవాళ్లం. ఒకరి చేతికి గట్టిగా తోచిన మూత మరొకరి చేతికి వదులుగా తోస్తుందని తెలిసి కూడా చాలాకాలం అలాగే నడిపించాం. ఆ పెట్టెలు వెనక్కి వచ్చాకే ఈ పరికరం కొన్నాం.

దీని నిర్మాణం సులువైనదే. తిరిగే పీఠం మీద రబ్బరు తొడుగులున్న నాలుగు కడ్డీలు సీసాను పట్టుకుంటాయి. మూతను చేత్తో తిప్పినప్పుడు పీఠంపై పడే మెలితిప్పే బలాన్ని (టార్క్‌ను) లోపలి సెన్సర్ కొలిచి, గరిష్ఠ విలువను తెరమీద నిలిపి ఉంచుతుంది. ముల్లు ఉండే పాత స్ప్రింగు రకంలో చూసే కోణాన్నిబట్టి రీడింగు మారేది, ఇక్కడ ఆ తగాదా లేదు. అంగుళం-పౌండ్లు, కేజీ-సెంటీమీటర్లు, న్యూటన్-మీటర్లు, ఈ మూడింటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. మూత వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో అందులో సగం అంగుళం-పౌండ్లతో బిగించాలన్నది ఈ రంగంలో అందరూ వాడే స్థూల లెక్క; ఆ ప్రకారం మా మూతకు 14, అంటే సుమారు 16 కేజీ-సెంటీమీటర్లు.

అయితే బిగించిన బలం, విప్పడానికి పట్టే బలం ఒకటి కావు. మూత లోపల సీసా మూతికి ఆనే పొర, అంటే లైనర్, ఒత్తిడికి మెల్లగా అణిగిపోతుంది, ప్లాస్టిక్ మరలు కూడా కొంత సడలుతాయి. అందువల్ల మరునాటికి విప్పే బలం బిగించిన దానిలో దాదాపు సగానికి దిగడం మామూలే. నింపిన వెంటనే కొలిచి తృప్తిపడటమే మేము మొదట చేసిన పొరపాటు. ఇప్పుడు ప్రతి బ్యాచ్ నుంచి తీసిన సీసాలను ఒకే చోట ఉంచి, 24 గంటలు గడిచాకే విప్పి, ఆ అంకెనే రిజిస్టరులో రాస్తున్నాం.

ఈ పరికరం వల్ల కలిగిన అసలు మేలు మూతలు బిగించే క్యాపింగ్ మెషిన్ విషయంలో కనిపించింది. మా మెషిన్‌కు మూతను పట్టి తిప్పే తలలు నాలుగు. సీసాలన్నిటినీ కలిపి సగటు తీస్తే అంతా బాగున్నట్టే ఉండేది. ఏ సీసాను ఏ తల బిగించిందో గుర్తుపెట్టి, తలవారీగా రాయడం మొదలుపెట్టాకే మూడో తల అంకెలు ఎప్పుడూ తక్కువగా ఉంటున్నాయని తేలింది. ఎంత బలంతో బిగించాలో అదుపుచేసే దాని క్లచ్ సరిచేయించిన తర్వాత కారుతున్న పెట్టెలు రాలేదు. తలవారీగా రాయకపోతే ఎంత మంచి టెస్టర్ ఉన్నా దోషం సగటులో దాక్కుంటుందని నా గట్టి నమ్మకం.

తర్వాత కొన్ని సీసాలకు ఇండక్షన్ సీల్ (మూత లోపలి రేకును విద్యుదయస్కాంత వేడితో సీసా మూతికి అతికించడం) మొదలుపెట్టాం. ఈ మూతల లైనర్‌లో రేకును అట్టకు అంటించిన మైనం సీలింగ్ వేడికి కరిగి, అట్ట దాన్ని పీల్చుకోవడంతో లైనర్ మందం తగ్గి మూత వదులవుతుంది. సీలుకు ముందు, తర్వాత విడివిడిగా కొలిచినందువల్లనే, మూతను మళ్లీ బిగించాల్సిన అవసరం మాకు అర్థమైంది.

లోపాలూ చెప్పాలి. పలుచని పెట్ సీసాను కడ్డీల మధ్య గట్టిగా బిగిస్తే నలుగుతుంది, వదులుగా బిగిస్తే జారుతుంది. మా చదరపు చిన్న సీసాకు ఈ బాధ ఎక్కువ. రబ్బరు తొడుగులు ఐదో నెలకే అరిగిపోయాయి, అమ్మిన సంస్థ కొత్తవి పంపడానికి ఆరు వారాలు పట్టింది. అంత ధర పెట్టి కొన్న పరికరానికి ఈ ఆలస్యం తగదు. పైగా మూతను కిందికి నొక్కుతూ తిప్పితే ఒక అంకె, కుదుపుతో తిప్పితే మరో అంకె వస్తాయి. అందుకే మా యూనిట్‌లో కొలత బాధ్యత ఇద్దరికే అప్పగించాం. నొక్కకుండా, నిదానంగా, ఒకే వేగంతో తిప్పేలా వాళ్లకు నేర్పించాం. పద్ధతి కావలసినవారు మూతల టార్క్ కొలతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి డీ3198 ప్రమాణం చదవవచ్చు.

క్యాలిబ్రేషన్ (కొలత సరిగా ఉందో లేదో ప్రామాణిక కొలతతో పోల్చడం) ఏడాదికోసారి, ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చేయించాలనుకున్నాం. మధ్యలో మేమే నెలకోసారి సరిచూస్తున్నాం: పీఠంపై బిగించిన 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల చక్రానికి దారం చుట్టి, కప్పీ మీదుగా 1 కిలో తూకం వేలాడదీస్తే తెరమీద 10 కేజీ-సెంటీమీటర్లు కనిపించాలి. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూతలను చేత్తోనే బిగించే చిన్న పచ్చళ్ల, తేనె యూనిట్ల వారికి స్ప్రింగు రకం సరిపోతుంది. రెండు తలలకు మించిన మెషిన్ ఉన్నవారు మాత్రం డిజిటల్‌దే తీసుకోవాలి, ఆర్డరు ఇచ్చేటప్పుడే అదనపు రబ్బరు తొడుగులు రెండు జతలు అడిగి తెప్పించుకోవాలి.