దూరం దాకా ఓకే, టైమ్ అడిగితేనే కొంప ముంచుతుంది

రెండు ఎయిర్‌పోర్టుల కోడ్‌లు కొడితే మధ్య దూరమెంత, ఎన్ని గంటలు పడుతుంది అని చెప్పే యాప్ ఒకటి నాలుగేళ్ల నుంచీ నా ఫోన్‌లో ఉంది. ఎలా వాడాలో చెప్పక్కర్లేదు, చూస్తే తెలిసిపోతుంది. కళ్లు మూసుకుని నమ్మొచ్చని నేనే పదిమంది చేత ఇన్‌స్టాల్ చేయించా. సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే కొడితే 15,300 కిలోమీటర్ల పైచిలుకు, పద్దెనిమిదిన్నర గంటలు అంది, అసలు ఫ్లైట్ కూడా ఇంచుమించు అంతే, ఇంకేం కావాలి.

హెల్సింకీ నుంచి టోక్యో వెళ్లినప్పుడు బయటపడింది దీని బండారం. 7,800 కిలోమీటర్లు, తొమ్మిదిన్నర గంటలు అంది. టికెట్ మెయిల్‌లో ఎక్కడో ఉంది, వెతికే ఓపిక లేక (ఇది నా తప్పే, ఒప్పుకుంటా) సాయంత్రం పావు తక్కువ ఆరుకి బయల్దేరుతుంది కదా అని దానికి తొమ్మిదిన్నర, టైమ్ తేడా ఇంకో ఏడు గంటలు కలిపేసి, పొద్దున పదింపావుకి దిగుతా వచ్చెయ్ రా అని ఫ్రెండ్‌కి మెసేజ్ కొట్టా. విమానం లేచాక ముందు సీటు స్క్రీన్‌లో మ్యాప్ పెట్టుకుంటే ఆ బొమ్మ విమానం ఎంతకీ తూర్పుకి తిరగదే! నిటారుగా పైకి, ఉత్తర ధ్రువం వైపు పోతోంది. కింద చూస్తే ఇంకా పన్నెండు గంటల నలభై నిమిషాలు ఉందట. ఫోన్ తీసి యాప్ స్క్రీన్‌షాట్ చూశా, అందులో సైబీరియా మీదుగా ముచ్చటగా ఓ వంపు గీత. అప్పుడు వెలిగింది, 2022 ఫిబ్రవరిలోనే రష్యా తన గగనతలం యూరప్ విమానాలకి మూసేసింది కదా, ఆ గీత మీద మన విమానం ఎగిరే ప్రసక్తే లేదు. ఫ్రెండ్‌కి చెబుదామంటే వైఫై లేదు. దిగేసరికి మధ్యాహ్నం పావు తక్కువ రెండు, వాడు మూడున్నర గంటలు అరైవల్స్‌లో నిలబడి ఉన్నాడు, వాడి మొహం చూసి సారీ కూడా గట్టిగా చెప్పలేకపోయా.

తర్వాత కోపంతో ఇంకొన్ని కొట్టి చూశా. న్యూయార్క్ నుంచి లండన్, లండన్ నుంచి న్యూయార్క్, రెండు వైపులా ఒకటే టైమ్ చూపిస్తోంది. తూర్పుకి వెళ్లేటప్పుడు జెట్ స్ట్రీమ్ (బాగా ఎత్తున పడమర నుంచి తూర్పుకి వీచే జోరు గాలి) వెనక నుంచి తోస్తే ఏడు గంటల్లోపే అయిపోవచ్చు, తిరుగు ప్రయాణానికి దాదాపు ఎనిమిది పడుతుంది, పైన గాలి అనేదొకటి ఉందని దీనికి తెలీదు పాపం. దూరాన్ని ఒకటే స్పీడుతో భాగించి, పైన ఓ అరగంట వేస్తున్నట్టుంది. ఆ మాటకొస్తే దూరం కూడా నేను చెప్పుకున్నంత పక్కా కాదు, భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న నున్నటి బంతి అనుకుని లెక్కేస్తుందని సెట్టింగుల్లో చిన్న అక్షరాల్లో ఉంది. ధ్రువాల దగ్గర భూమి కాస్త నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి అర శాతం దాకా తేడా రావొచ్చు.

తీసెయ్యలేదు లెండి. దూరం చూసుకోడానికి ఇప్పటికీ ఇదే, టైమ్‌కి మాత్రం టికెటే. నేను ఏడాదికి ఒకట్రెండు సార్లు అటువైపు వెళ్తా కాబట్టి నాకు తగిలింది, మీ దారిలో మూసేసిన ఆకాశం లేకపోతే మీకు ఎప్పటికీ తేడా తెలియకపోవచ్చు. ఆ ఫ్రెండ్ మాత్రం ఇప్పుడు నన్ను టైమ్ అడగట్లేదు, ఫ్లైట్ నంబర్ పెట్టు చాలు అంటున్నాడు.