బావోబాబ్ పొడా, అమాతుంగులు పండా? ఏది మేలు?

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మా ఇంటికొచ్చే చుట్టాలంతా తిరిగి వెళ్లేటప్పుడు బావోబాబ్ (ఆఫ్రికాలో పెరిగే ఓ పెద్ద చెట్టు) కాయల పొడి ప్యాకెట్లు కొనుక్కెళ్తారు, నారింజ కంటే ఐదారు రెట్లు విటమిన్ సి ఉందట కదా అంటూ. గేటు పక్కన ముళ్లకంచెలా పెరిగిన అమాతుంగులు (నటాల్ ప్లమ్ అన్నా ఇదే) వైపు మాత్రం చూడను కూడా చూడరు. రెండూ ఆఫ్రికా అడవి పళ్లే. నా ఓటు మాత్రం కంచె పండుకే.

ముందు ఆ రెట్ల లెక్క చూడండి. బావోబాబ్ కాయ పెంకు పగలగొడితే లోపల గుజ్జు చెట్టు మీదే ఎండిపోయి, సుద్దముక్కల్లా గింజలకు అంటుకుని ఉంటుంది. దాంట్లో నీళ్లు నూటికి పది పాళ్లు, అటూ ఇటూగా. నారింజలో 85 పైనే. ఎండిన పొడినీ పచ్చి పండునీ 100 గ్రాముల చొప్పున పక్కపక్కన పెడితే పొడిదే పైచేయి అవుతుంది మరి! విటమిన్ సి చెట్టును బట్టీ, నిల్వను బట్టీ మారుతుంది కానీ 100 గ్రాములకు 200-300 మిల్లీగ్రాములే అనుకుందాం. గ్లాసు నీళ్లలో మనం కలుపుకునేది 10 గ్రాములు, అంటే ఒంట్లోకి వెళ్లేది 20-30 మిల్లీగ్రాములు.

అమాతుంగులులో విటమిన్ సి 100 గ్రాములకు 38 మిల్లీగ్రాములు. ఒక్కో పండు 20 గ్రాములుంటుంది, నాలుగు తింటే 30 వచ్చేసినట్టే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కలో రోజుకి ఆడవాళ్లకి 65, మగవాళ్లకి 80 కావాలి, కాబట్టి రెండింట్లో ఏదీ ఒక్కటే చాలదు.

తేడా అంతా రంగులో ఉంది. బావోబాబ్ గుజ్జు తెలుపు, అందులో ఎర్ర రంగుపదార్థం లేదు (పీచు మాత్రం బోలెడు, మలబద్ధకం ఉన్నవాళ్లకి అదే మంచిది). అమాతుంగులు కోస్తే తెల్లటి పాలు కారతాయి, వేళ్లు జిగురు, ఆ వెనకే ఎర్రటి రసం. ఆ ఎరుపు ఆంథోసయనిన్లనే రంగుపదార్థాలది, నేరేడు తిన్నాక నాలుక మీద మిగిలే రంగు కూడా ఈ జాతిదే. ఇవి పేగుల్లోంచి రక్తంలోకి చేరేది కొద్దిగానే, అందుకని రోగాలు తగ్గుతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. జామ్ చేస్తే ఉడుకుకి విటమిన్ సి కూడా కొంత పోతుంది, పచ్చిగా తినండి. బాగా ఎర్రగా పండినవే తినాలి, ఆకు, కొమ్మ నోట్లో పెట్టకూడదు.

మన ఊళ్లలో ఉన్నవాళ్లు పొడి కోసం అంత డబ్బు పెట్టక్కర్లేదు. 100 గ్రాముల జామపండులోనే 200 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి ఉంది. రంగు కావాలంటే అమాతుంగులుకి దగ్గరి చుట్టం మన వాక్కాయ, పప్పులో వేసే పచ్చికాయ కాదు, చెట్టు మీదే నల్లబడేదాకా ఉంచిన పండు.