వేవ్స్ కిట్టు కొన్నాను: సామాను మంచిదే, మాన్యువల్ మాత్రం ప్రయోగం చేయకుండా రాసింది

ముందే చెప్పేస్తున్నా, నేను ఫిజిక్సు మాస్టార్ని కాదు. ఇంటర్లో ఎంపీసీ చదివి, రెజొనెన్స్ ట్యూబు (గొట్టంతో ధ్వని వేగం కొలిచే ప్రయోగం) రీడింగులు పక్కవాడి రికార్డులోంచి దించేసి, వాడు తప్పు రాసిన చోట ఆ తప్పు కూడా శ్రద్ధగా దించి పాసైన రకం. మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. ధ్వని పాఠం దగ్గర "నాన్నా, మనం మాట్లాడితే గాలి పాములా వంకర్లు తిరుగుతూ పోతుందా?" అని అడిగింది. అవుననాలో కాదనాలో ఒక్క క్షణం నాకే తోచలేదు. ఆ సిగ్గులో ఆన్‌లైన్‌లో ఈ వేవ్స్ కిట్టు, అంటే పిల్లలు తరంగాల మీద ప్రయోగాలు చేసుకునే సామాను, ఆర్డరు పెట్టాను, 2,350 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే సామాను వేరే వేరే స్టిక్కర్లతో చాలా చోట్ల కనిపిస్తోంది, కాబట్టి ఏది కొన్నా ఇది పనికొస్తుందనే రాస్తున్నా.

డబ్బాలో స్టీలు స్లింకీ (బాగా సాగే వదులు స్ప్రింగు) ఒకటి, 256, 320, 384, 512 అని (సెకనుకి ఎన్ని కంపనాలో, అంటే హెర్ట్జ్) చెక్కిన అల్యూమినియం శృతిదండాలు (ట్యూనింగ్ ఫోర్కులు) నాలుగు, రబ్బరు సుత్తి, పారదర్శక ప్లాస్టిక్ గొట్టం, గ్రేటింగ్ ఫిల్ము (దగ్గరదగ్గరగా సన్న గీతలున్న ప్లాస్టిక్ రేకు), ఎర్ర లేజర్ పాయింటరు, పోలరాయిడ్ ముక్కలు (ఒకే దిక్కులో ఊగే వెలుతురుని మాత్రం పోనిచ్చే ఫిల్ము) రెండు, ఇరవై పేజీల మాన్యువలు ఉన్నాయి.

డబ్బులు గిట్టింది స్లింకీ దగ్గరే. ప్లాస్టిక్‌ది ఇచ్చే కిట్లు కూడా ఉన్నాయి, అవి వద్దు, వాటిలో అల రెండడుగులు పోగానే నీరసపడిపోతుంది. స్టీలుదైతే టైల్సు మీద ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని నాలుగు మీటర్లు సాగదీసి పక్కకి ఒక్క కుదుపు ఇస్తే ఆ మెలిక అటు చివరి దాకా పోయి, అక్కడ గట్టిగా పట్టుకున్న చేతికి తగిలి తిరగబడి వస్తుంది, కుడివైపు పంపితే ఎడమవైపు. చివర మీటరు పొడుగు దారం కట్టి దారాన్ని పట్టుకుంటే మాత్రం తిరగబడకుండా వెళ్ళినవైపే తిరిగొస్తుంది. ఇవి తిర్యక్ తరంగాలు. పక్కకి కాకుండా ముందుకీ వెనక్కీ నెడితే చుట్లు దగ్గరపడి, విడిపోయి, ఆ దగ్గరపడటమే అలా ప్రయాణిస్తూ పోతుంది. ధ్వని సంగతి ఇదే, అనుదైర్ఘ్యం. ఒక చుట్టుకి ఎర్ర దారం కట్టమన్నాను. అల వెళ్ళిపోయింది, దారం కాస్త ముందుకీ వెనక్కీ ఊగి ఉన్నచోటే ఆగింది. అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు ఆ దారమే ఇచ్చింది, నేను నోరు విప్పాల్సిన పని పడలేదు.

ఇంకోటి మేమే కనిపెట్టాం (అంటే మాకు కొత్త). స్లింకీని మూడు మీటర్లు సాగదీసినా ఐదు మీటర్లు సాగదీసినా అల ఈ చివరి నుంచి ఆ చివరికి చేరడానికి దాదాపు ఒకే టైము పట్టింది. స్టాప్‌వాచీ పాడైందనుకున్నా. కూర్చుని లెక్క వేస్తే తెలిసింది, ఎంత లాగితే బిగువు అంత పెరుగుతుంది, మీటరుకి పడే బరువు అంత తగ్గుతుంది, కాబట్టి వేగం కూడా పొడవుతో పాటే పెరుగుతుంది, టైము మారదు. ఇంత ముచ్చటైన విషయం మాన్యువల్లో ఒక్క ముక్క లేదు.

ఇక మాన్యువల్. నాలుగో పేజీలో స్పీకరు బొమ్మ వేసి దాని నోట్లోంచి పాము లాంటి గీత బయటికొస్తున్నట్టు గీశారు, కింద "ధ్వని తరంగం" అన్న అర్థంలో ఇంగ్లీషులో రాశారు. మా పిల్ల అడిగిన పాము ఇదే! ఆ వంకర గీత నిజానికి గ్రాఫు, ఎక్కడ గాలి ఒత్తిడి ఎక్కువుందో ఎక్కడ తక్కువుందో చెప్పేది. గ్రాఫుని గ్రాఫు అని చెప్పకుండా బొమ్మలా వేస్తే చూసిన పిల్లలు గాలి వంకరగా పోతుందనే అనుకుంటారు, వాళ్ళ తప్పేముంది. నేను ఆ పేజీలో బాల్‌పెన్నుతో చుక్కలు పెట్టాను, కొన్నిచోట్ల దగ్గరగా, కొన్నిచోట్ల దూరంగా.

శృతిదండాల దగ్గర కాస్త ఎక్కువసేపు గడిపాం. సుత్తితో కొట్టి ఊరికే గాల్లో పట్టుకుంటే పెద్దగా వినపడదు, కాడని బియ్యం డబ్బా మూత మీద ఆనిస్తే ఖంగున మోగుతుంది, ఎందుకంటే మూత మొత్తం కదిలి బోలెడు గాలిని నెడుతుంది. చెవి దగ్గర పెట్టుకుని కాడని నెమ్మదిగా తిప్పి చూడండి. ఒక చుట్టులో నాలుగు చోట్ల శబ్దం దాదాపు ఆగిపోతుంది. రెండు కొమ్ముల మధ్య నుంచి వచ్చే అలా, కొమ్ముల బయటి నుంచి వచ్చే అలా ఆ దిక్కుల్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వ్యతికరణం అనే భారీ మాటకి ఇంతకన్నా చవకైన ఉదాహరణ నాకు దొరకలేదు.

384 అని రాసిన దండం మీద మాత్రం మొదటి నుంచీ అనుమానమే. ఫోన్లో ఫైఫాక్స్ అని ఒక యాప్ ఉంది, జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది, ఉచితం. కిట్టు కొన్నా కొనకపోయినా అది వేసుకోండి. అందులో టోన్ జనరేటర్ని 384 హెర్ట్జ్‌లో పెట్టి పక్కన ఈ దండం మోగిస్తే శబ్దం వుంయ్ వుంయ్ అని గబగబా ఊగింది, అవే విస్పందనాలు. రెండూ ఒకే పౌనఃపున్యంలో (సెకనుకి అన్నే కంపనాలతో) ఉంటే ఆ ఊపు రాకూడదు. ఫోన్లో ఒక్కో హెర్ట్జ్ తగ్గించుకుంటూ పోతే ఊపు నెమ్మదించి 379 దగ్గర ఆగింది. అంటే దండం 5 హెర్ట్జ్ తక్కువ. అమ్మినవాళ్ళకి రాస్తే రిటర్న్ గడువు అయిపోయిందన్నారు. సరే అని ఆకురాయి తెచ్చి రెండు కొమ్ముల కొసలూ సమంగా అరగదీశాను. పౌనఃపున్యం 1 శాతం పెరగాలంటే కొమ్ము పొడవు అర శాతం తగ్గితే చాలు, అంటే అర మిల్లీమీటరు. 383 దాకా తెచ్చి భయమేసి ఆపేశాను. మిగతా మూడూ ఒక్క హెర్ట్జ్ తేడాలోపే ఉన్నాయి, అన్యాయం చెప్పకూడదు.

మా తమ్ముడు మృదంగం నేర్చుకుంటున్నాడు, అదే యాప్‌తో దాన్నీ పట్టాం. మామూలుగా బిగించిన తోలుని కొడితే వచ్చే పై స్వరాలు మూలస్వరానికి సరిగ్గా రెండింతలు, మూడింతలు అన్నట్టు రెట్లలో ఉండవు, అందుకే డప్పుకి ఫలానా శృతి అని చెప్పడం కష్టం. మృదంగానికి మధ్యలో పెట్టే నల్ల ముద్ద బరువు ఆ పై స్వరాల్ని రెట్ల వరసలోకి లాగుతుంది. ఇది పరిశీలించి 1920లో నేచర్ పత్రికలో రాసింది సి.వి. రామనే, వైజాగ్‌లో ఏవీఎన్ కాలేజీలో చదివిన మన రామన్. నోబెల్ తెచ్చిన కాంతి పని ఆ తర్వాతది.

నాకు బాగా ఒళ్ళు మండింది గొట్టం దగ్గర. గొట్టాన్ని నీళ్ళలో ముంచి, పైన శృతిదండం మోగించి, గొట్టాన్ని పైకి లేపుతూ పోతే ఒకచోట శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది, అదే అనునాదం. మాన్యువల్ ఏమంటుందంటే, 512 దండంతో మొదటి అనునాదం కొలవండి, రెండోది కొలవండి, తేడాని రెండు పెట్టి గుణించండి, తరంగదైర్ఘ్యం (అల పొడవు) వస్తుంది. పద్ధతి సరైనదే. కానీ రెండో అనునాదం 50 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది, వీళ్ళు ఇచ్చిన గొట్టం 45! మిగతా దండాలకి ఇంకా పొడుగు కావాలి. అంటే ఈ ప్రయోగం ఈ కిట్టుతో ఎవ్వరూ, ఏ దండంతోనూ పూర్తి చేయలేరు. ఒక్కసారి, ఒక్కరంటే ఒక్కరు చేసి చూసినా ఇది దొరికిపోయేది. నా ఇంటర్ రికార్డు రాసినట్టే ఈ మాన్యువలూ రాశారని అప్పుడు ఖాయమైంది.

ప్లంబింగ్ సామాన్ల షాపులో అంగుళం పైపు 60 సెంటీమీటర్ల ముక్క కోయించుకొచ్చి, బాత్రూంలో నీళ్ళ డ్రమ్ములో మళ్ళీ చేశాం. మొదటిది 16.4, రెండోది 50.6. తేడా 34.2, రెండింతలు 68.4 సెంటీమీటర్లు, దాన్ని సెకనుకి కంపనాలు 512 పెట్టి గుణిస్తే ధ్వని వేగం, సెకనుకి 350 మీటర్లు. పుస్తకాల్లో 343 అని ఉంటుంది కదా అని అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. 343 అనేది 20 డిగ్రీల దగ్గర లెక్క, మా ఇంట్లో ఆ రోజు 31. డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు కలుపుకుంటే మాది తప్పు కాదు, ఎండాకాలం అంతే. పాతికేళ్ళ క్రితం దించేసిన రీడింగు ఇప్పుడు సొంతంగా వచ్చింది, బాత్రూంలో తడి లుంగీతో.

లేజరు, గ్రేటింగు చక్కగా పనిచేస్తాయి. ఫిల్ము మీద మిల్లీమీటరుకి 500 గీతలని రాశారు, అంటే గీతకీ గీతకీ మధ్య 2 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎర్ర లేజరు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లనుకుంటే, మీటరు దూరంలో గోడ మీద మధ్య చుక్కకి 34 సెంటీమీటర్ల అవతల పక్క చుక్క పడాలి. టేపు పెడితే 34న్నర. పాత సీడీ మీద లేజరు కొట్టి చూస్తే చుక్కలు ఇంకా దూరం జరిగాయి, దాని గీతల మధ్య దూరం 1.6 మైక్రాన్లే. డీవీడీకి 0.74, ఆ చుక్క గోడ దాటి అల్మారా మీద పడింది. అదే ఫిల్ములోంచి పాత ట్యూబులైటుని చూస్తే రంగులు విడివిడి గీతలుగా, ఎల్ఈడీ బల్బుని చూస్తే ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. వంటగదిలోంచి వాళ్ళమ్మ పిలిస్తే హాల్లో వినపడుతుంది, మనిషి మాత్రం కనపడదు, ఎందుకు అని అడిగాను. గొంతు 200 హెర్ట్జ్ అనుకుంటే అల పొడవు మీటరున్నర పైనే, గుమ్మం వెడల్పు కన్నా ఎక్కువే, అందుకే మలుపు తిరిగి వచ్చేస్తుంది. వెలుతురు అల మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు, దానికి గుమ్మం మహా విశాలం, తిన్నగా పోతుంది. దాన్ని వంచాలంటే వెంట్రుకో, సీడీ గీతో కావాలి. వెంట్రుక కూడా అడ్డం పెట్టి చూశాం, గోడ మీద గీతలు వస్తాయి.

కానీ ఆ లేజరు మీద ఎంత పవరో, ఏ భద్రతా క్లాసో (కంటికి ఎంత ప్రమాదమో చెప్పే తరగతి) స్టిక్కరు లేదు. పిల్లల కిట్టులో ఇది క్షమించరాని విషయం. కంట్లోకి కొట్టొద్దని చెప్పడం ఒక్కటే చాలదు, స్టీలు పళ్ళేలూ అద్దాలూ పక్కన లేకుండా చూసుకోండి, పెద్దవాళ్ళు లేనప్పుడు ఇవ్వకండి. నేను బీరువాలో పెట్టి తాళం వేస్తున్నా.

పోలరాయిడ్లు పర్లేదు. రెండింటి మధ్య పారదర్శక ప్లాస్టిక్ స్కేలు పెట్టి తిప్పితే రంగులొస్తాయి, పిల్లలకి నచ్చుతుంది.

కొనాలా వద్దా అంటే: స్టీలు స్లింకీ, గ్రేటింగ్ ఫిల్ము విడిగా దొరికితే ఆ రెండే కొనుక్కుని, ఫైఫాక్స్ వేసుకుని, పైపు ముక్క కోయించుకుంటే ముప్పాతిక వంతు కిట్టు మీ ఇంట్లో ఉన్నట్టే. విడిగా వెతికే ఓపిక లేకపోతే ఇదే కొనండి, వచ్చిన రోజే శృతిదండాలు నాలుగూ ఫోన్‌తో సరిచూసుకోండి, రిటర్న్ గడువు వారమే. నా రేటింగు ఐదుకి మూడు.