వేసవి విందుకు స్లో కుక్కర్‌లో చాక్లెట్ క్యాండీ: మూడు వాయిల అనుభవం

వేసవి సెలవుల్లో ఇరవై మంది ఇంటికి వస్తున్నారంటే, తీపి ఏదైనా ముందురోజే చేసి పెట్టుకోవడం మేలు. పొయ్యి దగ్గర పాకం చూస్తూ నిలబడే ఓపిక ఎండాకాలంలో నాకు ఉండదు కనుక, అంతవరకు సూపులకు మాత్రమే వాడుతున్న గంటల తరబడి సన్నని వేడిమీద కరెంటుతో వండే మూడున్నర లీటర్ల స్లో కుక్కర్‌ను ఈసారి చాక్లెట్ క్యాండీ పనికి పెట్టాను. మూడు వాయిలు చేస్తే మొదటిది పాడైంది, మిగిలిన రెండూ చక్కగా వచ్చాయి. ఆ పాడైన వాయిలో తప్పు సగం నాది, సగం ఆ కుక్కర్ మూతది.

చేసే విధానంలో కష్టమేమీ లేదు. ఉప్పు వేసి వేయించిన వేరుశనగపప్పు 500 గ్రాములు అడుగున పరిచి, దానిమీద ముక్కలు చేసిన డార్క్ కాంపౌండ్ (అసలు చాక్లెట్‌కు బదులు వాడే, కోకో వెన్న లేని దిమ్మ) 400 గ్రాములు, వైట్ కాంపౌండ్ 200 గ్రాములు వేసి, కుక్కర్ మీటను ‘లో’ (తక్కువ వేడి) మీద పెట్టాలి. పప్పు అడుగున ఉండటం ముఖ్యం, ఎందుకంటే వేడెక్కే పింగాణీ గిన్నెకూ చాక్లెట్‌కూ మధ్య అదే అడ్డుగా నిలిచి మాడకుండా కాపాడుతుంది. కరిగాక కలిపి, చెంచాతో బటర్ పేపర్ మీద వేస్తే దాదాపు యాభై ముద్దలు అవుతాయి.

ఇక మూత సంగతి. స్లో కుక్కర్ గాజుమూత లోపలి ఆవిరిని పట్టి, నీటిబొట్లుగా మార్చి, తిరిగి గిన్నెలోకే వదిలేలా ఉంటుంది. కూరకు అది వరం, చాక్లెట్‌కు శాపం. మొదటిసారి నలభై నిమిషాలకు మూత ఎత్తగానే అంచున వేలాడుతున్న నాలుగైదు బొట్లు జారి నున్నగా మెరుస్తున్న చాక్లెట్‌లో పడ్డాయి. గరిటె నాలుగు తిప్పులు తిప్పేసరికి అది తడి ఇసుకలా బిరుసెక్కి ముద్దకట్టింది. కొద్దిపాటి నీరు తగిలితే చాక్లెట్‌లోని చక్కెర రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకుంటాయి, ఆపైన ఎంత వేడి చేసినా అది మళ్ళీ క్యాండీకి పనికిరాదు. విచిత్రమేమిటంటే, అందులోనే వేడిపాలు ఇంకాస్త ఎక్కువ పోస్తే మళ్ళీ జారుగా అవుతుంది. ఆ వాయి అలా ఐస్‌క్రీమ్ మీద పోసుకునే సాస్‌గా మారి, పిల్లల చేతుల్లో క్యాండీ కంటే ముందే ఖాళీ అయింది. రెండో వాయి నుంచి మూత కింద పొడి తువాలు బిగించి, కొసలు మూత మీదికి మడిచి కట్టాను. తరువాత ఒక్క బొట్టు పడలేదు.

రెండో జాగ్రత్త సమయం. లో అంటే మెల్లగా ఉంటుందిలే అని గంటల తరబడి వదిలేయకూడదు. చాలా స్లో కుక్కర్లలో లో, హై రెండూ చివరికి మరిగే స్థితికి దగ్గరగానే చేరతాయి, తేడా అక్కడికి చేరడానికి పట్టే సమయంలోనే ఉంటుంది. చాక్లెట్‌కు 50 డిగ్రీల సెల్సియస్ దాటడమే ఎక్కువ. నా కుక్కర్‌లో యాభై నిమిషాలకే అంతా కరిగిపోయింది. వేడిచేసే తీగ గిన్నె చుట్టూ ఉండటం వల్ల అంచులు ముందు వేడెక్కుతాయి, అందుచేత చివరి ఇరవై నిమిషాలు ఐదు నిమిషాలకొకసారి అంచులు గీరుతూ కలపాలి. హై జోలికి మాత్రం పోవద్దు.

అసలు చాక్లెట్ కాకుండా కాంపౌండ్ ఎందుకని అడిగేవారికి నా సమాధానం ఎండాకాలమే. అసలు చాక్లెట్‌లో ఉండే కొవ్వు, అంటే కోకో వెన్న, దాదాపు 34 డిగ్రీలకే కరుగుతుంది. పైగా అసలు చాక్లెట్ టపుక్కున విరిగేలా గట్టిపడాలంటే, కరిగించి, 27–28 డిగ్రీలకు చల్లార్చి, మళ్ళీ 31–32కు తేవాలి. అంత సున్నితమైన అదుపు ఈ పరికరానికి చేతకాదు. కాంపౌండ్‌లో కోకో వెన్నకు బదులు వేరే వృక్షజన్య కొవ్వు ఉంటుంది కనుక ఆ తతంగం అక్కర్లేదు. నోటికి కాస్త మైనంలా తగులుతుందన్న మాట నిజమే, ఆ లోటును ఉప్పు పప్పు కొంత పూడుస్తుంది. రెండింటినీ సగం సగం కలపమని చెప్పేవారున్నారు కానీ, ఆ రెండు కొవ్వులకూ అంతగా పొసగదు, ముద్ద మెత్తగా మిగిలిపోతుంది.

నాకు బాగా నచ్చినది కుక్కర్‌కు ఉన్న వార్మ్ (వెచ్చగా ఉంచే) మీట. ముద్దలు వేసే అరగంటా చాక్లెట్ గడ్డకట్టకుండా, ముద్దముద్దకూ మళ్ళీ వేడిచేసే పని లేకుండా అది నిలబెట్టింది. పొయ్యి మీద నీటిగిన్నెలో కరిగించినప్పుడు నేను ఎప్పుడూ హడావిడి పడేది అక్కడే. వంటిల్లు వేడెక్కకపోవడం రెండో లాభం. అయితే వార్మ్ లేని చవక రకాలను ఈ పనికి కొనవద్దనే నా సలహా. గిన్నె బరువు కూడా తక్కువేమీ కాదు, చివరి పావు భాగాన్ని గీరుకోవడానికి దాన్ని వంచి పట్టుకునేందుకు ఇంకొకరి చేయి కావలసి వచ్చింది.

ముద్దలు ఫ్రిజ్‌లో అరగంటలో గట్టిపడ్డాయి. బయటికి తీసిన డబ్బాను వెంటనే తెరవకుండా కాసేపు ఉంచాలి, లేదంటే చల్లని ముద్దల మీద గాలిలోని తేమ చేరి తెల్లమచ్చలు వస్తాయి. వేరుశనగ పడనివారు వచ్చేవారిలో ఉన్నారేమో ముందే అడగండి. గిన్నె కడిగేటప్పుడు వేడిగా ఉండగా చన్నీళ్ళు పోయకండి, పింగాణీ పగులుతుంది. గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు నాననిస్తే అంచున అంటుకున్న చాక్లెట్ దానంతట అదే వదిలిపోతుంది.