పర్లాకిమిడి సంతలో దొరికే సంఘం ప్యాడ్: విప్పి, తూచి, తడిపి చూస్తే

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల్లో ఒక మహిళా సంఘం తయారుచేసే శానిటరీ ప్యాడ్లు ఇప్పుడు కిరాణా కొట్లలోనూ వారపు సంతలోనూ దొరుకుతున్నాయి. ఎనిమిదింటి ప్యాకెట్ 30 రూపాయలు. కవరు మీద రాతంతా ఒడియాలోనే ఉంటుంది. ఒడియా మాట్లాడినా చదవడం రాని తెలుగిళ్ల ఆడవాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, లోపల ఏముందో తెలియక మళ్లీ అక్కడే పెట్టేస్తున్నారు. వేర్వేరు వారాల్లో నాలుగు ప్యాకెట్లు కొని పరీక్షించి చూశాం. సరుకు మంచిదే. ఒక ప్యాడ్‌కీ ఇంకో ప్యాడ్‌కీ పనితనంలో తేడా వస్తోంది, ఇబ్బందంతా అక్కడే.

కత్తెరతో అంచు వెంబడి కోసి స్టీలు పళ్లెంలో పరిస్తే పొరలు విడివిడిగా కనిపిస్తాయి. పైన ఒంటికి తగిలే తెల్లటి నాన్‌వోవెన్ గుడ్డ, అంటే నేయకుండా అతికించి చేసిన గుడ్డ. దాని కింద పలుచటి టిష్యూ కాగితం, అందులో చుట్టిన మెత్తటి గుజ్జు పీచు. అడుగున తడి దిగకుండా ప్లాస్టిక్ షీటు, దానికి ఒక జిగురు గీత, జిగురు మీద ఒలిచేసే కాగితం. రెక్కలు లేవు.

ఆ పీచుని దూది అనుకునేవాళ్లే ఎక్కువ. అది పైన్ కర్ర నుంచి తీసిన గుజ్జు, ఎక్కువగా విదేశాల నుంచే వస్తుంది. రాగానే దళసరి అట్టలా ఉంటుంది. చేత్తో ముక్కలు చేసి గ్రైండర్‌లో వేస్తే నురగలా విచ్చుకుంటుంది. సంఘాలకు పనికొచ్చే చిన్న యంత్రం తయారుచేసిన కోయంబత్తూరు అరుణాచలం మురుగానందం కూడా మొదట్లో దూదితోనే ప్రయత్నించారు. కంపెనీ ప్యాడ్లలో ఉన్నది కర్ర పీచని ఆయనకు తెలియడానికి చాలా కాలం పట్టింది. దూది తడిని పీలుస్తుంది గానీ బరువు పడితే వదిలేస్తుంది. ఈ పీచు పట్టుకుని ఉంటుంది, ఆకారమూ చెడదు. పలుచటి కంపెనీ ప్యాడ్లలో తడి తగలగానే జెల్లీలా ఉబ్బే పొడి కూడా వేస్తారు, సోడియం పాలీఆక్రిలేట్ అంటారు. సంఘం ప్యాడ్‌లో అది లేదు, అందుకే కాస్త మందంగా ఉంటుంది. మందం చూసి నాసిరకం అనుకోవద్దు.

తడి పరీక్షకు ఇంట్లో వస్తువులు చాలు. ప్యాడ్లకు ఐఎస్ 5405 అనే భారతీయ నాణ్యతా ప్రమాణం ఉంది. నిమిషానికి 15 మిల్లీలీటర్ల చొప్పున 30 మిల్లీలీటర్ల రంగు ద్రవం ప్యాడ్ నడిమధ్య పోయాలి, తర్వాత కిలో బరువు ఒక నిమిషం ఉంచాలి, అడుగునా పక్కలా తడి కనిపించకూడదు. మందుల షాపులో దొరికే సిరంజి, రంగు కలిపిన నీళ్లు, కిలో ఉప్పు ప్యాకెట్, కింద పరవడానికి తెల్ల కాగితం ఉంటే చాలు. సంఘం ప్యాడ్లలో ఎక్కువ భాగం ఇందులో నెగ్గాయి. ఓడిపోయినవన్నీ అంచు దగ్గరే కారాయి, అడుగున ఒక్కటీ కారలేదు. కారినవాటిని పక్కన పెట్టి, అదే ప్యాకెట్‌లో ఇంకా తడపనివి చిన్న డిజిటల్ త్రాసులో తూచి చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ రెండు గ్రాములకు పైగా తేడా ఉంది. పది గ్రాములైనా తూగని వస్తువులో రెండు గ్రాములంటే మాటలా?

పీచుని తూచకుండా గుప్పెడుతో అచ్చులో నింపితే ఇలాగే జరుగుతుంది. పొద్దున్న నింపిన గుప్పెడు, సాయంత్రం చేయి అలసిపోయాక నింపిన గుప్పెడు ఒకటి కావు. పీచు తక్కువ పడ్డ చోట తడి ఆగక పక్కలకి పారుతుంది. ఒక్కో ప్యాడ్‌కి పీచు తూచి, అంతంత కుప్పలు ముందే పెట్టుకుని అచ్చు దగ్గర కూర్చుంటే ఈ లోపం సగానికి సగం పోతుంది. మిగతా సగం కాలితో తొక్కే ప్రెస్సు దగ్గర ఉంది. గట్టిగా తొక్కితే పీచు బిగుసుకుపోయి తడి లోపలికి దిగే లోపే పైన పారిపోతుంది. మెల్లగా తొక్కితే నాలుగడుగులు నడిచేసరికి లోపలి దిండు రెండు ముక్కలవుతుంది. వరినాట్లకి వంగే మనిషికి ఆ రెండోది నరకం.

వానాకాలం సరుకులో ఇంకో లోపం కనిపించింది. ప్యాడ్‌ని వెలుతురుకి అడ్డం పెడితే లోపల అక్కడక్కడ నల్లటి చుక్కల్లా ఉండలు తెలుస్తాయి. గుజ్జు అట్ట గాలిలో చెమ్మ పట్టితే గ్రైండర్‌లో సరిగా విచ్చుకోదు, ముడులు పడుతుంది. ముడి ఉన్న చోట తడి దిగదు, పైగా కూర్చుంటే గుచ్చుకుంటుంది. అట్టలని నేల మీద పెట్టకుండా చెక్క పలకల మీద పెట్టి ప్లాస్టిక్‌లో చుట్టాలి. ఏ రోజుకి కావలసింది ఆ రోజే ఆడించుకోవాలి. గ్రైండర్ బ్లేడు మొద్దుబారినా ఇవే ముడులు వస్తాయి కాబట్టి ఎండాకాలంలో కనిపిస్తే బ్లేడునే అనుమానించాలి.

పొరల్ని వేడితో కలిపి అతికించే అంచు సీలు గురించి గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఒళ్లు ఒరిసిపోయేది అక్కడే. మణికట్టు లోపలి వైపు ప్యాడ్ అంచుని రాసి చూడండి. మెత్తగా జారితే సరే. గీరినట్టుంటే వేడి ఎక్కువై గుడ్డ కరిగి గట్టిపడిందన్నమాట. వేడి చాలకపోతే అంచు గోటితో ఊడి వచ్చేస్తుంది, పీచు బయటపడుతుంది. ఒకే ప్యాడ్‌లో మధ్యన గట్టిగా, చివరల వదులుగా ఉన్నవీ కనిపించాయి. సీలు పట్టీ రెండు చివరలకీ వేడి సమంగా అందలేదని దానర్థం. కరెంటు వోల్టేజీ పడిపోయే పల్లెల్లో సీలు యంత్రం మీద దీపం వెలుగుతోంది కదా అని పని నడిపించకూడదు. ప్రతి గంటకీ ఒక ప్యాడ్ సీలు లాగి చూసుకోవాలి. పట్టీ మీద అంటుకోకుండా వేసే టెఫ్లాన్ గుడ్డ చిరిగితే వెంటనే మార్చాలి, లేకపోతే నాన్‌వోవెన్ దానికి అంటుకుని సన్న చిల్లులు పడతాయి.

జిగురు ఒక్క గీతే కావడం ఈ ప్యాడ్‌లో నిజమైన కొరత. ఇంట్లో పనికి సరిపోతుంది. సైకిలు తొక్కే పిల్లలకి, కొండ ఎక్కి దిగేవాళ్లకి పక్కకి జరుగుతుంది. రెండు గీతలు వేస్తే పెరిగే ఖర్చు చాలా తక్కువ.

తర్వాత యూవీ పెట్టె, అంటే సూక్ష్మక్రిములు చావడానికి తయారైన ప్యాడ్లని అతినీలలోహిత వెలుగులో ఉంచే పెట్టె. ఆ వెలుగు తగిలిన పై ముఖం మీదే పని చేస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చితే కిందివాటికి ఏమీ అందదు, లోపలి పీచుకి అసలే అందదు. ట్యూబు పాతబడితే నీలం వెలుగు కనిపిస్తూనే ఉంటుంది గానీ సూక్ష్మక్రిముల్ని చంపే శక్తి తగ్గిపోతుంది. కాబట్టి చేతులు కడుక్కోవడం, తలకి గుడ్డ, మూతికి మాస్కు, నేల మీద పడ్డ పీచుని మళ్లీ వాడకపోవడం, అసలు శుభ్రత వీటిలోనే ఉంది. కొన్నవాటిలో ఎక్కడా వెంట్రుకా దుమ్మూ కనిపించలేదు. ఆ విషయంలో సంఘానికి నూటికి నూరు మార్కులు.

ధర విషయానికొస్తే ఒక్కోటి మూడు రూపాయల ముప్పావలా పడుతుంది. జన ఔషధి దుకాణాల్లో సువిధ ప్యాడ్ 2019 నుంచి ఒక్క రూపాయికే ఇస్తున్నారు కదా అని అడగొచ్చు. దుకాణం దగ్గరుంటే అదీ కొనుక్కోండి. సంఘం ఆ ధరకి ఇవ్వలేదు. 2018 జూలైలో ప్యాడ్ల మీద జీఎస్టీ ఎత్తేశారు గానీ, గుజ్జు, షీటు, జిగురు కొన్నప్పుడు కట్టిన పన్ను తయారీదారుకి వెనక్కి రాదు. టోకున కొనలేని చిన్న సంఘం మీద ఆ బరువు ఎక్కువ పడుతుంది.

వాడేవాళ్లకి నాలుగు మాటలు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చండి, మొదటి రెండు రోజులు ఇంకా ముందే. ఇందులో జెల్లీ పొడి లేదు కాబట్టి కంపెనీ పలుచటి ప్యాడ్‌లా పైన పొడిగా అనిపించదు. అడుగున ప్లాస్టిక్ ఉంది, గుడ్డ కూడా ప్లాస్టిక్ దారమే. మట్టిలో కలవదు, పొయ్యిలో వేస్తే ఆ పొగ మంచిది కాదు, గెడ్డలో పడేస్తే అక్కడే పశువులు నీళ్లు తాగుతాయి. కాగితంలో చుట్టి, తడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. చుట్టడానికి కవరు తయారీదారే ఇవ్వాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. ఈ ప్యాకెట్‌లో అది లేదు, పాత పేపరు ముక్కలు ఎనిమిది పెట్టినా పని జరిగిపోతుంది.

ఇంట్లో ఉండేవాళ్లు, రోజుకి నాలుగైదు మార్చుకోగలిగినవాళ్లు నిస్సంకోచంగా కొనొచ్చు. రాత్రి వాడకానికీ దూర ప్రయాణానికీ మాత్రం రెక్కలున్నది వేరే తీసుకోండి. కొనేటప్పుడు తయారీ తేదీ కొట్టువాడి చేత చదివించుకోండి. ఇంటికి వచ్చాక ఒక ప్యాడ్‌ని వెలుతురుకి పెట్టి చూడండి. ఉండలు కనిపించినా, అంచు గోటికి ఊడినా ప్యాకెట్‌ని అలాగే సంతలో అమ్మిన అక్కకి తిరిగి ఇవ్వండి. కవరు మీద బ్యాచ్ నంబరు ఉంది, ఏ రోజు సరుకో వాళ్లకి దాంతో తెలిసిపోతుంది.