వెయ్యి లీటర్ల మూడు పొరల ట్యాంకు: శ్రీకాకుళం డాబాకు సరిపోతుందా?

మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క. ఐదుగురున్న ఇంటికి 675. అంటే 500 లీటర్ల ట్యాంకైతే రోజుకు రెండుసార్లు మోటారు వేయాల్సిందే. వెయ్యి లీటర్లదైతే ఒక రోజు కరెంటు పోయినా గట్టెక్కేస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును చూసిన జిల్లాకు ఈ మిగులు దండగ కాదు.

సరుకు మంచిదే. మూత మరతో గట్టిగా బిగుస్తుంది, లోపలి తెల్ల పొర మీద ఒండ్రు ఇట్టే కనిపిస్తుంది. ఐఎస్ 12701 (ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులకు భారతీయ ప్రమాణం) ముద్ర చూసి కొనండి.

తేడా వచ్చేదంతా దిమ్మ దగ్గరే. నిండితే నీళ్ల బరువే టన్ను. నాలుగు ఇటుకల మీద నిలబెడితే మధ్యలో అడుగు కుంగి, అవుట్‌లెట్ కన్నం చుట్టూ వెంట్రుకంత చీలిక వస్తుంది. ఆ తర్వాత ఏ పుట్టీ రాసినా ఆగదు. అడుగంతా ఆనేలా చదునైన సిమెంటు దిమ్మ కట్టించండి, అదీ బీమ్ మీదికి వచ్చేలా. పైపు బరువు ట్యాంకు మీద పడకుండా క్లాంపులు కావాలి. ఓవర్‌ఫ్లో గొట్టం ఇన్‌లెట్ కంటే లావుండాలి (ప్లంబర్ల పీనాసితనం ఇక్కడే బయటపడుతుంది).

తుపాను హెచ్చరిక వస్తే ముందు ట్యాంకు నింపేయండి. ఖాళీది గాలికి దొర్లిపోతుంది.

షవర్ ధార మాత్రం పెద్ద ట్యాంకుతో పెరగదు. ఒత్తిడి ఎత్తును బట్టే వస్తుంది: మీటరు ఎత్తుకు 0.1 బార్ (ఒత్తిడి కొలత), అంతే.