395 పౌండ్లకు రెగ్యులేటర్ పట్టుకోనిచ్చారు

"ఒక్కరోజులో ఆవిరి ఇంజన్ డ్రైవర్" అంటూ అమీర్‌పేటలో ఒక ఏజెంటు అంటగట్టిన ప్యాకేజీ ఇది. ఇంగ్లండ్‌లో ఒక హెరిటేజ్ రైల్వేలో (పాత ఆవిరి ఇంజన్లను కాపాడి నడిపే లైనులో) కోర్సుకు మనిషికి 395 పౌండ్లు, ఆయనగారి 'ప్రాసెసింగ్'కు 12,500 రూపాయలు. అదే కోర్సు నేరుగా రైల్వేవాళ్ల దగ్గరే బుక్ చేసుకోవచ్చు, ఆ 12,500 శుద్ధ దండగ. చివర్లో చేతిలో పెట్టే సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికే. ఈ సంగతి తెలిశాక మా బావ మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు.

అక్కడ నిజంగా డ్రైవర్ కావాలంటే క్లీనర్, పాస్డ్ క్లీనర్ (ఫైర్‌మన్ పరీక్ష పాసైనవాడు), ఫైర్‌మన్ (బొగ్గు వేసి నిప్పు చూసుకునేవాడు), పాస్డ్ ఫైర్‌మన్ (డ్రైవర్ పరీక్ష పాసైనవాడు), ఆపైన డ్రైవర్. జీతం లేని వాలంటీర్లకు ఏళ్లు పట్టే దారి. రూల్స్ పరీక్ష, కంటి పరీక్ష ఉంటాయి. లైన్లో ఏ సిగ్నల్ ఎక్కడో, ఎత్తు ఎక్కడ మొదలవుతుందో కంఠతా రావాలి.

కోర్సులో పనికొచ్చింది మాత్రం షెడ్‌లో గడిపిన పొద్దుటి పూటే.

నిప్పు రాజేసేముందు చూడాల్సింది నీళ్లు. ఆవిరి పుట్టాక, బాయిలర్‌లో నీటి మట్టం చూపే గేజ్ గ్లాసు కింది కాక్ (కుళాయి) తెరిచి ఊదించి మూస్తే నీళ్లు చటుక్కున పైకి లేవాలి. మెల్లగా పాకితే దారిలో మడ్డి ఉన్నట్టే, ఆ గ్లాసును నమ్మొద్దు. ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే కొలిమి) పైకప్పు కన్నా నీటి మట్టం దిగితే రేకు కాగి మెత్తబడుతుంది, అక్కడి ప్లగ్గులో సీసం కరిగి ఆవిరి కొలిమిలోకి తన్నుతుంది. చల్లటి బాయిలర్‌ను తొందరపెట్టినా తంటాయే. ప్లేట్లు ఒక్కతీరుగా సాగక అతుకులు కారతాయి. ఫైర్‌మన్ చీకట్లోనే షెడ్‌కు వచ్చేది అందుకే.

బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్‌కు ముందు నీళ్లు, తర్వాత ఆవిరి. అది పని అందుకుంటే సన్నగా పాడుతుంది. అందుకోకపోతే కింది గొట్టంలోంచి నీళ్లు బుసబుసా పోతాయి. చాలాసార్లు కారణం ఇంజెక్టర్ ఒళ్లు కాగిపోవడమే. ఆవిరి కట్టేసి, కాసేపు చన్నీళ్లు పోనిచ్చి మళ్లీ మొదలుపెట్టాలి.

కదిలేముందు సిలిండర్ కాక్స్ (నీళ్లు బయటికి వదిలే కుళాయిలు) తెరవాలి. లోపల చేరిన నీళ్లు నలగవు, సిలిండర్ మూతే పగులుతుంది. రివర్సర్ (ముందుకా వెనక్కా అన్నది తేల్చే లివర్) పూర్తిగా ముందుకు, రెగ్యులేటర్ (సిలిండర్లకు ఆవిరి వదిలే లివర్) కొంచెమే. చక్రాలు జారితే మూసి, ఇసుక వదిలి, మళ్లీ తెరవాలి. వేగం అందాక రివర్సర్ మధ్యవైపుకు వెనక్కి లాగితే ఆవిరి ఆదా. బ్లోయర్ (చిమ్నీలోకి ఆవిరి ఊది పొగను పైకి లాగేది) తెరవకుండా రెగ్యులేటర్ మూశారో, కొలిమి తలుపులోంచి మంట మొహం మీదికొస్తుంది. ఇక కొత్తవాళ్లందరి తప్పూ ఒకటే, బొగ్గు కుప్పపోయడం. చిమ్నీ నల్లగా కక్కుతుంది, ప్రెషర్ పడిపోతుంది. నిప్పు పలచబడిన చోటే కొంచెం కొంచెంగా వెయ్యాలి.

అన్ని పౌండ్లు ఎందుకు, చూసి నేర్చుకుంటే చాలనుకునేవాళ్లకు ఊటీకి వెళ్లే నీలగిరి కొండ రైలు నయం. అక్కడ రెగ్యులేటర్ మనకివ్వరు, కానీ ఇంజన్ పని కళ్లారా కనబడుతుంది. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కోయంబత్తూరులో దిగాలి. కొండ రైలు బయల్దేరేది మెట్టుపాళయం నుంచి పొద్దున 7:10కే కాబట్టి అక్కడ రాత్రి బస తప్పదు. ఆ బసతోనే ఒళ్లు మండింది. గది 1,400. '24 గంటలూ వేడినీళ్లు' అని బోర్డు, తెల్లవారుజామున అడిగితే బకెట్‌కు 40 రూపాయలు. బాయిలర్లు చూడ్డానికి వెళ్లి బకెట్‌కు బేరమాడాం! గది తీసుకునేముందు కొళాయి తిప్పి చూసుకోండి.

కల్లార్ దాటాక పళ్ల పట్టా మొదలవుతుంది, ఎత్తు సుమారు 12కు 1 (12 అడుగులు పోతే ఒక అడుగు పైకి). ఇంజన్ వెనక నుంచి తోస్తుంది. నాలుగు సిలిండర్లలో రెండు మామూలు చక్రాలకు, రెండు పళ్ల చక్రాలకు. ఆగినచోటల్లా దిగి వెనక్కి నడవండి. కూనూర్‌తో ఆవిరి సరి, ఆపైన డీజిల్.

వెళ్లేముందు ఇంకో పని. బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఆగింది 1995లో. సికింద్రాబాద్‌లో లాలాగూడ, మెట్టుగూడ వైపు రిటైరైన పాత ఫైర్‌మన్లు ఇంకా దొరుకుతారు. ఒక సాయంత్రం చాయ్ తాగిస్తే, పై సంగతులన్నీ చేత్తో ఆడించి మరీ చూపిస్తారు.